ముప్పావు

ఆఫీసులో మనుషులం తొమ్మిది మందిమి.
జీతాల పట్టీలో ఐదుంబావు.
పైప్సి సరస్సుకు పడమట, బిర్చి చెట్ల వెనక
పసుపు రంగేసిన చెక్క కట్టడం మా పంచాయతీ.
ఆ పట్టీ రాసేది నేనే,
ముప్పావు లెక్కలమనిషిని.

లైబ్రరీ వైకె అర.
రోడ్ల మీద మంచు తోసే హెల్దుర్ అర.
పొయ్యి రాజేసి నేల తుడిచే ఐలి పావు.
పండగపూట జెండా ఎత్తే ఇల్మర్ కూడా పావే,
కానీ కొయ్య పక్కన నిలబడితే
ఒకటిన్నర మనిషంత ఉంటాడు.

సంస్కరణ ఆకురాలే రోజుల్లో వచ్చింది,
తాలిన్ నుంచి,
ఇద్దరు కుర్రాళ్ళతో, ఒక ప్రొజెక్టర్‌తో.
తెర లేదంటే
వైకె బల్ల మీది గుడ్డ దులిపి పట్టుకుంది,
ఒక కొస తను, ఒక కొస ఐలి.
నాలుగు పంచాయతీలు కలిసి ఒకటవుతాయట.
బాణం గుర్తులు, రంగురంగుల గడులు.
వాళ్ళ చేతుల మధ్య, ఆ గుడ్డ మీదే
వాళ్ళ ఉద్యోగాలు పోయాయి.
భుజాలు లాగుతున్నా దించలేదు ఇద్దరూ,
బొమ్మ వంకరపోతుందని.

"రెండుంముప్పావు మిగులు" అన్నాడు చిన్నవాడు.
మిగులంటే డబ్బా, మనుషులా? అడిగింది ఐలి.
రెండూ ఒకటేనండి, అన్నాడు.
చెడ్డవాడేం కాదు.
బూట్లు తుడుచుకునే లోపలికొచ్చాడు.

ఉత్తరాలు నేనే టైపు చేశాను.
పేరు మార్చడం, భిన్నం మార్చడం,
మిగతాదంతా అదే కాగితం.
నాది నాలుగోది.
అందులో ఒక అచ్చుతప్పు పడింది.
చూశాను. దిద్దలేదు.

హెల్దుర్ తనది నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో దోపుకుని,
"సరే గానీ, వాగు వంతెన మీద
మూడో పలక పుచ్చింది, ఎవరికి చెప్పాలి?" అన్నాడు.
ముప్పై ఎనిమిది కిలోమీటర్ల అవతలి నంబరిచ్చాను.
అక్కడ ముందు సంగీతం వస్తుంది.
సంగీతం అయ్యాక ఒకటి నొక్కమంటుంది, రెండు నొక్కమంటుంది.
పుచ్చిన పలకకి ఏ అంకో చెప్పదు.
అరగంట విని, ఫోను పెట్టేసి
సుత్తి తీసుకుని వెళ్ళాడు.

బుధవారం సాయంత్రాలు వైకె
చూపుపోయిన ఎండెల్‌కి ఫోన్లో పుస్తకం చదివేది.
దాన్ని ఆమె అరలో కలపాలా,
అరకి బయట పెట్టాలా?
విధుల జాబితా మూడుసార్లు తిరగేశాను.
ఎక్కడా లేదు.
లేనిదాన్ని కొయ్యలేరు కనక
అదొక్కటీ దక్కింది.
ఇప్పుడు వంటింట్లోంచి చదువుతోంది,
నూట నలభయ్యో పేజీలో ఉన్నారు.
బంగాళాదుంపలు ఉడికే చప్పుడు కూడా
కథలోదే అనుకున్నాడట మొదట్లో.

ఆఖరి రోజు కేకు తెప్పించాం.
కోసింది నేనే.
ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి ఒక్క క్షణం ఆగింది:
అర వాళ్ళకెంత, పావు వాళ్ళకెంత?
"ఏం చూస్తావ్, కొయ్యి" అంది ఐలి.
తొమ్మిది ముక్కలూ సమంగా రాలేదు గానీ
పెద్దది ఎవరికెళ్ళిందో ఎవరూ చూడలేదు.
ఇల్మర్ వెళ్ళి కొయ్య నుంచి తాడు విప్పి
చుట్టచుట్టి కిటికీలో పెట్టాడు.
ఆ రోజు పండగ కాదు. ఎవరూ అడగలేదు.

కొత్త ఆఫీసువాళ్ళకి తాళంచెవులు అప్పజెప్పాం.
పదకొండింటికి పదకొండు గడులు, పదకొండు సంతకాలు.
పన్నెండోది ఏ తలుపుకీ పట్టలేదు.
మేం ఎవరం వచ్చేనాటికే అది ఆ మేకుకు ఉంది.
ఫారంలో దానికి చోటు లేదు.

లెక్క తేలిందా, అని అడిగాడు వచ్చినతను.
తేలిందన్నాను.

నా కోటు జేబులో ఉందది.
నడుస్తుంటే మోగదు,
ఒక్కటే కదా.